కాగితపు ఇటుక – మా ప్రయత్నం, మా పరీక్షలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో, అంటే 2024 ఫిబ్రవరిలో, ఇదే వేదిక మీద మేము ఒక మాట ఇచ్చిన సంగతి తమకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. పాత కాగితాలూ సిమెంటూ కలిపి ఇటుకలు పోస్తాం, ఆ ఇటుకలతో మన సంఘంలో ఇళ్లు దెబ్బతిన్న మూడు కుటుంబాలకు గోడలు లేపుతాం అన్నాం. తమరు చప్పట్లు కొట్టారు. కొందరు అక్కడికక్కడే చందా రాశారు. ఆ మాట ఏమయిందో చెప్పవలసిన బాధ్యత మా మీద ఉంది. అధ్యక్షులవారు "సావనీరులో కూడా వేద్దాం, రాసి తెండి" అన్నారు కనుక రాసుకొచ్చాం గాని, మధ్య మధ్య నోటి మాటలూ దొర్లుతాయి, మన్నించాలి.

ముందుగానే చెప్పేస్తున్నాం. ఇటుక తయారయింది. కాని ఆ ఇటుకతో బయటి గోడ కట్టుకోమని మేము ఎవరికీ చెప్పలేం. ఎందుకు చెప్పలేమో వివరంగా మనవి చేసుకుంటాం.

అసలు ఈ ఆలోచన ఎందుకు పుట్టిందంటే, మనలో పాత ఇనుము, పాత పేపర్ల వ్యాపారం మీద బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. సైకిలు మీద, మూడు చక్రాల బండి మీద పొద్దున్నే బయలుదేరి ఊరూరా తిరిగి సరుకు తెచ్చే వారి కష్టం తమకు తెలియనిది కాదు. ఇనుము తడిసినా ఇనుమే. కాగితం అలా కాదు. తడిసిందంటే తూకంలో కోత, ధరలో కోత. వానాకాలం వచ్చిందంటే కొట్టులో కట్టలు కట్టలుగా పేరుకుపోయి, కింది వరస చీకిపోయి, చివరకు పారబోసుకోవలసిందే. "తడిసిన కాగితమే మనకు కావాలి గదా, ఎలాగూ నానబెట్టేదే గదా" అని మన కుర్రవాడొకడు ఫోనులో ఏదో దేశంలో కాగితపు ఇటుకలు పోస్తున్న సంగతి చూపించాడు. అక్కడ మొదలయింది ఈ కథ.

కాగితంతో మనవాళ్ల సంబంధం ఇవాళ్టిది కాదు. తెలుగులో మనం అనే 'కాగితం' కూడా 'కాగజ్' అనే మాట నుంచి వచ్చినదే. చీనా దేశంలో పుట్టిన ఈ పనితనం ఎనిమిదో శతాబ్దంలో సమర్ఖందుకు, అక్కడి నుంచి అబ్బాసీ ఖలీఫాల కాలంలో బాగ్దాదుకు చేరింది. మన దేశంలో కాగితం చేసేవారికి 'కాగజీ'లనే ఇంటిపేరే ఉంది. జయపురం దగ్గర సాంగానేరులో ఆ వంశాలవారు చేతి కాగితం చేస్తూ వచ్చారు. తెలంగాణలో సిర్పూరు పేపరు మిల్లు పెట్టిన ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు స్థిరపడింది. ఇక కాశ్మీరులో కాగితపు గుజ్జుతో డబ్బాలూ గిన్నెలూ చేసి రంగులు వేసే పని జగమెరిగినది. అంత దూరం ఎందుకు, మన ఇళ్లలోనే పెద్దమ్మలు, నానమ్మలు పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, చేటలకూ గంపలకూ పూసేవారు గదా. ఆ చేట బిగువు చూసినవారికి కాగితంతో ఇటుక అంటే నవ్వు రాదు.

అయితే ఈ కాగితమూ సిమెంటూ కలిపే పద్ధతి ముఖ్యంగా అమెరికాలో వ్యాపించింది. 1980ల్లో ఎరిక్ ప్యాటర్సన్, మైక్ మెకైన్ అనే ఇద్దరు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఎవరికి వారే ఈ పని మొదలుపెట్టారని చెబుతారు. ఇళ్లే కట్టుకున్నవారు ఉన్నారు. ఆ ఇళ్ల బొమ్మలు చూసే మేము ఆశపడ్డాం. కాని ఆ బొమ్మలలో మేము చూడనిది ఒకటి ఉంది. ఆ ఇళ్లు ఎక్కువగా న్యూ మెక్సికో, అరిజోనా వంటి ఎడారి సీమలలో ఉన్నాయి. అక్కడ వాన అపురూపం. మనకా, నైరుతి పోయిందనుకుంటే ఈశాన్యం, ఈశాన్యం మధ్యలో తుపాను. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ అని పేర్లు పెట్టి చెప్పుకునేంత చుట్టరికం మనకు తుపానులతో. ఈ తేడా మాకు ముందే తట్టి ఉంటే కిందటేడు అంత గట్టిగా మాట ఇచ్చేవాళ్లం కాదు.

పని పెట్టుకున్నది శ్రీముఖలింగంలో. మన సభ్యులొకరు అక్కడ ఖాళీగా ఉన్న రేకుల షెడ్డును, దాని ముందున్న జాగాను ఏడాదిపాటు ఉచితంగా వాడుకోనిచ్చారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక. వంశధార పక్కనే గనుక నీళ్లకు లోటు లేదు. అయితే శ్రీముఖలింగం మామూలు ఊరు కాదు. గాంగరాజుల కళింగనగరం అదే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అటువంటి కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టుబడి చేయరాదు. ఆ పైన మరో 200 మీటర్ల వరకూ అనుమతి లేకుండా కట్టరాదు. 2010లో సవరించిన చట్టం అది. మేము కట్టదలచినది మనిషి నడుమెత్తు పరీక్ష గోడలే అయినా, టేపు పట్టుకుని కొలిచి, ఆ హద్దులకు బాగా ఎడంగానే కట్టాం. ఆ ఊళ్లో ఇల్లు బాగుచేసుకోదలచిన వారెవరైనా ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2024లో రంజాను వెళ్లిన తరువాత, ఏప్రిల్ నెలాఖరున కాగితం పోగుచేయడం మొదలుపెట్టాం. అదృష్టమో ఏమో గాని అవి ఎన్నికల రోజులు. మే 13న పోలింగు. ఆ తరువాత పది రోజులు కరపత్రాలు బస్తాలకు బస్తాలు వచ్చి పడ్డాయి. అన్ని పార్టీల వాగ్దానాలూ ఒకే పీపాలో కలిసిమెలిసి నానాయి. అయితే ఆ నున్నని రంగు కాగితం మనకు అంతగా పనికిరాలేదు. దానికి మెరుపు కోసం సుద్ద వంటి మట్టి పూస్తారు. పీచు తక్కువ, బురద ఎక్కువ. పనికొచ్చినవి వార్తాపత్రికలు, పిల్లల నోటు పుస్తకాలు, అట్టపెట్టెలు.

ఇక్కడ కాగితం ఏరడం గురించి కొంత చెప్పాలి. పనిలో దాదాపు సగం కాలం దీనికే పట్టింది. కొందరు పెద్దలు మొదటే అడిగారు: "ఉర్దూ పత్రికలలో, పెళ్లి కార్డులలో, క్యాలెండర్లలో అల్లాహ్ నామం ఉంటుంది, ఆయతులు ఉంటాయి, వాటిని మోటారులో వేసి తిప్పుతారా?" అని. న్యాయమైన ప్రశ్న. అందుచేత ఒక్క కాగితం కూడా ఏరకుండా పీపాలో వేయరాదని నియమం పెట్టుకున్నాం. అరబీ, ఉర్దూ అక్షరం ఉన్న ప్రతిదీ వేరే సంచిలో వేసి, పద్ధతి ప్రకారం శుభ్రమైన చోట పాతిపెట్టాం. దేవుళ్ల బొమ్మలున్న క్యాలెండర్లు, గుడి కరపత్రాలు కూడా అలాగే వేరుచేసి ఊళ్లో పెద్దలకు అప్పగించాం. మాకు మేస్త్రీగా వచ్చిన ఆయన హిందువు. కింద పడ్డ నోటు పుస్తకం కాలికి తగిలితే తీసి కళ్లకద్దుకునేవాడు. ఆ కళ్లకద్దుకున్న పుస్తకాన్ని మళ్లీ ఆయనే పీపాలో వేసేవాడనుకోండి. "సరస్వతమ్మ ఏమీ అనుకోదు బాబూ, ఇల్లు కడతన్నాం గదా" అనేవాడు. ఇంకొక వింత, ఆ చెత్తలో ఎవరెవరివో ఆధారు కార్డుల జెరాక్సులు, బ్యాంకు కాగితాలు కొల్లలుగా దొరికాయి. వాటిని మాత్రం అన్నిటికన్నా ముందు నానబెట్టాం. తమరు కూడా అటువంటివి చించకుండా అమ్మకండి.

ఇక తయారీ. మూడు రోజులు కాగితం నీళ్లలో నానాలి. పిన్నులు, ప్లాస్టిక్ కవర్లు తీసేయాలి. తరువాత మెత్తగా పీచు పీచుగా విడగొట్టాలి. మనలో దూది ఏకిన ఇళ్ల వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. దూది ఎంత బాగా ఏకితే పరుపు అంత బాగా వచ్చినట్టే, కాగితం ఎంత బాగా విడిపోతే ఇటుక అంత బిగువుగా వస్తుంది. ముందు రోట్లో దంచాం, రోజంతా దంచితే ఒక బకెట్టు వచ్చింది. తరువాత ఒక సభ్యుని ఇంట్లోని గ్రైండరు తెచ్చాం. అది ఎన్నాళ్లు పనిచేసిందో, ఆ ఇంటి సోదరి మాతో ఎన్నాళ్లు మాట్లాడలేదో ఇక్కడ చెప్పడం బాగుండదు. చివరకు 200 లీటర్ల ఇనప పీపాకు అడుగున మోటారు, దానికి బ్లేడు వెల్డింగు చేయించాం. పది నిమిషాలలో పీపా నిండా అంబలి వంటి గుజ్జు తయారయ్యేది. దాన్ని పాత చీరలో వేసి పిండి, సిమెంటూ ఇసుకా కలిపి, 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు గల ఇనప అచ్చులో కూరేవాళ్లం.

పాళ్లు చాలా మార్చి చూశాం. చివరకు నిలబడినది ఎండు తూకంలో కాగితం ఒక పాలు, సిమెంటు ఒక పాలు, ఇసుక ఒక పాలు. సిమెంటు తగ్గిస్తే ఇటుక మెత్తబడి అంచులు రాలేవి. కాగితం తగ్గిస్తే బరువెక్కి మామూలు సిమెంటు దిమ్మలాగే అయ్యేది, ఇక ఈ శ్రమంతా దేనికి?

జూన్ మొదటి వారంలో ఒక వింత జరిగింది. ఒక రోజు పోసిన 12 ఇటుకలు నాలుగు రోజులైనా గట్టిపడలేదు. వేలు పెడితే వేలు దిగిపోతోంది. సిమెంటు పాతదేమో అనుకుని కొట్టువానితో గొడవపడబోయాం. అప్పుడు మేస్త్రీ తల గోక్కుంటూ అసలు సంగతి బయటపెట్టాడు. "గట్టిగా బిగుస్తాదని కాసిన్ని బెల్లం నీళ్లు ఏసినాను బాబూ. సున్నంలో ఏస్తే రాయి నాగ బిగుస్తాది గదా, మా తాత కాడ్నించీ సేస్తన్నాం" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోయడం మన పాత కట్టుబడిలో ఉన్నదే. కాని సున్నానికి మేలు చేసే తీపి సిమెంటుకు పడదు. కొంచెం పంచదార చాలు, సిమెంటు బిగుసుకోవడం మానేస్తుంది. కాగితంతో వచ్చే చిక్కు కూడా కొంత ఇటువంటిదే. వార్తాపత్రిక కాగితంలో చెక్కలోని జిగురు పదార్థాలు మిగిలే ఉంటాయి, అవి కూడా సిమెంటును ఆలస్యం చేస్తాయి. అందుకే మా ఇటుక అచ్చులోంచి తీసిన మర్నాటికి కూడా పచ్చిగానే ఉండేది. ఆ తరువాత మెంతులు కలిపి చూడమని ఒక పెద్దమ్మగారు సలహా ఇచ్చారు గాని, బెల్లంతో తిన్న దెబ్బకు మాకు ధైర్యం చాలలేదు.

మరొక ఇరకాటం ఆరబెట్టడంలో వచ్చింది. సిమెంటుకు తడి కావాలి, నీళ్లు చల్లుతూ ఉండాలి. కాగితానికి ఎండ కావాలి, లేకపోతే బూజు పడుతుంది. ఒకే ఇటుకలో ఒకటి నీళ్లు అడుగుతుంది, ఒకటి ఎండ అడుగుతుంది. వారం రోజులు నీడలో తడి గోనె కింద, ఆ పైన మూడు వారాలు ఎండలో, రోజూ తిరగేస్తూ ఉంచాం. ఎండేసరికి ఇటుక ప్రతి వైపూ కొంత కుదించుకుపోయేది. అంతా ఒకేలా కుదించుకుపోతే బాధ లేదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. గోడ కట్టేటప్పుడు మేస్త్రీ పడ్డ పాట్లు చూడాలి. "ఏటి బాబూ ఇది, ఇటికా మినపరొట్టా?" అని అడిగాడు. పిల్లలకు నవ్వు, మాకు సిగ్గు.

చేతుల మాట కూడా చెప్పాలి. సిమెంటు కలిసిన నీరు గాఢమైన క్షారం, చర్మాన్ని తినేస్తుంది. మొదటి వారం మేము పట్టించుకోలేదు. ఒక అబ్బాయి వేళ్ల సందులు పుండ్లు పడి పది రోజులు అన్నం స్పూనుతో తిన్నాడు. ఆ తరువాత రబ్బరు తొడుగులు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఈ జాగ్రత్త ముందే తీసుకోవలసినది. తప్పు మాదే.

ఇప్పుడు పరీక్షల సంగతి. ఎండిన ఇటుక 5 కిలోలు తూగింది. అదే కొలత సిమెంటు దిమ్మ అయితే 18 కిలోల దాకా ఉంటుంది. నడుమెత్తు నుంచి కింద పడేస్తే మూల నలిగిందే గాని పగల్లేదు. మేకు కొడితే దిగింది, రంపంతో కోస్తే తెగింది. అక్కడి వరకూ మా సంతోషానికి హద్దు లేదు. ఒక ముక్కను కట్టెల పొయ్యిలో పెట్టాం. మంట రాలేదు. సాయంత్రం పొయ్యిలోంచి తీసి పక్కన పెట్టి ఇళ్లకు పోయాం. తెల్లవారి చూస్తే లోపల ఎర్రగా నిప్పు నడుస్తూనే ఉంది. మంట రాదు నిజమే, కాని ఊక కుప్పలాగ లోలోపల రగులుతుంది. ఇది ఎవరికీ కనిపించని ప్రమాదం.

బరువు పరీక్షకు ఒక ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలకు ఆరు ఇటుకలు పట్టుకుపోయాం. అక్కడి అధ్యాపకులు మాకు ఓపికగా చెప్పారు. కాల్చిన మట్టి ఇటుకకు ఐ.ఎస్. 1077 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో అన్నిటికన్నా తక్కువ తరగతి ఇటుక కూడా చదరపు సెంటీమీటరుకు సుమారు 35 కిలోల బరువు మోయాలి. అంటే 19 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు గల మామూలు ఇటుక బల్లపరుపుగా పెడితే దాదాపు 6 టన్నులు మోయాలన్న మాట. మన చేతిలోని ఇటుక ఇంత మోస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. మా కాగితపు ఇటుకను యంత్రంలో పెట్టారు. మట్టి ఇటుక అయితే ఫటాలున పగులుతుంది. మాది పగల్లేదు. చప్పుడు లేకుండా నొక్కుకుపోతూ వచ్చింది. చదరపు సెంటీమీటరుకు 13 కిలోల దగ్గరకు వచ్చేసరికే ఎత్తులో పదో వంతు తగ్గిపోయింది. "ఇది విరిగినట్టా, విరగనట్టా?" అని మేము అడిగాం. "గోడ పదో వంతు కుంగితే మీ తలుపు తెరుచుకుంటుందా?" అని వారు అడిగారు. జవాబు దొరికింది.

నీటి పరీక్ష మేమే చేసుకున్నాం. ఐ.ఎస్. 3495 ప్రకారం ఇటుకను 24 గంటలు చల్లని నీటిలో ముంచి తీసి తూచాలి. మామూలు తరగతి మట్టి ఇటుక తన బరువులో నూటికి 20 పాళ్లకు మించి నీరు తాగరాదు. మా 5 కిలోల ఇటుక మర్నాటికి 8 కిలోల 500 గ్రాములు తూగింది. నూటికి 70 పాళ్లు! తూకం మీద అనుమానమొచ్చి కిరాణా కొట్టులో మళ్లీ తూయించాం. అదే తూకం.

ఆ మర్నాడు షెడ్డుకు ఒక సోదరి వచ్చింది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మన జిల్లా మీద విరుచుకుపడినప్పుడు ఆమె ఇంటి ఏటి వైపు మట్టి గోడ కూలిపోయింది. భర్త లేడు. ఇద్దరు పిల్లలు. టార్పాలిను కట్టుకుని ఇన్నేళ్లు గడిపింది. మూడు కుటుంబాలలో మొదటి పేరు ఆమెదే. కాగితం ఏరే పనికి కూలి ఇస్తామన్నా తీసుకోకుండా ప్రతి వారం వచ్చి కూర్చునేది. తన గోడకు తన పని అనేది. ఆ రోజు తొట్టిలోంచి తీసిన ఇటుక అక్కడ ఉంది. మేము ఏమీ చెప్పలేదు. ఆమే బొటనవేలితో నొక్కి చూసింది. వేలు గుంట పడింది, అది మళ్లీ లేవలేదు. కాసేపు చూసి, "అన్నయ్యా, ఇది మా ఇంటికి వద్దు. టార్పాలినైతే తడిసినా కూలదు గదా" అంది. కోపంగా అనలేదు. అంతకన్నా పెద్ద పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ జరగదని మాకు అనిపించింది.

అయినా వానాకాలం అంతా చూద్దామని జూన్ నెలాఖరులో మూడు చిన్న గోడలు కట్టాం. ఒకటి పూత లేకుండా. రెండోది రెండు వైపులా సిమెంటు పూతతో. మూడోది కింద రెండు వరసలు ఫ్లైయాష్ ఇటుక వేసి, దాని మీద కాగితపు ఇటుక, పైన కప్పు చూరు వచ్చేట్టు రేకు ముక్క, అన్ని వైపులా పూత. జూలై నుంచి అక్టోబరు దాకా వారం వారం చూశాం. మొదటిది ఉబ్బి, నల్ల బూజు పట్టి, నెలన్నరకు కింది వరస జావకారిపోయింది. రెండోది పైకి బాగానే ఉంది గాని, పూతలో వెంట్రుకవాసి బీటలు పడ్డాయి. వాటిలోంచి దిగిన నీరు ఇక బయటకు పోయే దారి లేక లోపలే ఉండిపోయింది. పునాది వైపు నుంచి భూమి తడి కూడా దీపపు వత్తి నూనె పీల్చినట్టు పైకి ఎక్కింది. మూడోది మాత్రం పొడిగా నిలబడింది. అంటే పాదాలు తడవకుండా, తల తడవకుండా చూసుకోగలిగితే బతుకుతుంది. కాని ఏటి ఒడ్డున, తుపాను గాలిలో అడ్డంగా కొట్టే వానలో అలా ఎవరు చూసుకోగలరు?

ఖర్చు మాట కూడా దాచం. కాగితం వూరికే వస్తుంది గనుక చవక అనుకున్నాం. ఒక్కొక్క ఇటుకకు కాగితం కిలోన్నర, సిమెంటు కిలోన్నరకు కొంచెం పైన పట్టింది. చదరపు మీటరు గోడకు 16 ఇటుకలు, అంటే 26 కిలోల సిమెంటు. సగం బస్తా దాటింది. ఫ్లైయాష్ ఇటుకలో సిమెంటు పాలు నూటికి పదికి అటూ ఇటూ. సగం ఇటుక మందం గోడకు చదరపు మీటరుకు 50 ఇటుకలు వేసుకున్నా అందులో సిమెంటు 15 కిలోలే. మన ఇటుక బరువులో తేలిక, సిమెంటులో బరువు. ఇక ఆ తడిసిన కాగితమే ఎండబెట్టి అమ్మితే ఎంతో కొంత వచ్చేది, అది కూడా ఖర్చు కిందే రాసుకోవాలి. చెత్త అనగానే దానికి విలువ లేదనుకోవడం మా పొరపాటు. పాత పేపర్ల వ్యాపారం చేసే ఇళ్ల మధ్య పుట్టి పెరిగి ఈ పొరపాటు చేయడం మరీ నవ్వులాట.

అలాగని అంతా వృథా పోలేదు. మన సంఘం పిల్లలు చదువుకునే గది తమకు తెలుసు. ఒకే గదిలో రెండు తరగతులు, ఒకవైపు ఖురాన్ పాఠం, ఒకవైపు ఎక్కాలు. మధ్యలో గోడ కడదామంటే కింద పునాది లేని చోట బరువు వేయకూడదన్నారు. అక్కడ కాగితపు ఇటుక సరిగ్గా సరిపోయింది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల పైచిలుకు ఎత్తు, 100 ఇటుకలు పట్టాయి. మందపాటి పూత వేశాం, దాని దరిదాపుల్లో కరెంటు తీగ లేకుండా చూశాం. ఎక్కాల చప్పుడు ఇటు వినిపించడం బాగా తగ్గిందని ఉస్తాదుగారు చెప్పారు. పడమటి గోడకు లోపలి వైపు కూడా ఇదే అతికిస్తే వేసవి వేడి తగ్గుతుందని ఒక ఆలోచన ఉంది. రేకుల కింద కూడా పెట్టమని కొందరన్నారు గాని, లోలోపల రగిలే గుణం చూశాక పిల్లల తలల మీద దాన్ని పెట్టడానికి మాకు మనసొప్పలేదు.

ఇక డబ్బు సంగతి. ఈ ప్రయోగానికి జకాత్ సొమ్ములోంచి ఒక్క రూపాయి కూడా తీయలేదు. జకాత్ ఎవరికి చెందుతుందో ఎనిమిది వర్గాలు నిర్ణయమై ఉన్నాయి, మన సరదా పరీక్షలు అందులో లేవు. ఖర్చయినదంతా ఇళ్ల నిధికి తమరు రాసిన చందాలలోంచే. లెక్క కోశాధికారిగారు ఈ సావనీరు చివరి పుటల్లో వేశారు, గ్రైండరు మరమ్మతుతో సహా. మిగిలిన సొమ్ము కాగితపు ఇటుక పేరు మీద ఇచ్చినది గనుక, తమ అనుమతి లేకుండా వేరే దానికి వాడడం అమానత్‌కు భంగం. అందుచేత ఈ సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాం. ఆ సొమ్ముతో ఫ్లైయాష్ ఇటుక కొని, ఈ వానాకాలం రాకముందే మొదట ఆ సోదరి ఇంటి ఏటి వైపు గోడ కట్టించాలి. రాతి పునాది, రెండు అడుగుల ఎత్తు వరకూ తడి ఎక్కని కట్టుబడి. సొమ్ము చాలితే రెండో ఇల్లు. మూడో ఇంటికి చాలదు, ఆ సంగతి ఆ కుటుంబానికి మేమే వెళ్లి చెప్పాం. ఎవరైనా తమ చందా వెనక్కి కావాలంటే కోశాధికారిగారి దగ్గర పేరు రాయించండి, మొహమాటం వద్దు.

వరండాలో బల్ల మీద రెండు ఇటుకలు పెట్టాం. ఒకటి పొడిది. ఒకటి నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్లలో ఉన్నది. భోజనాలకు లేచేటప్పుడు రెండూ ఎత్తి చూసి, ఆ తరువాతే తీర్మానం మీద చేతులెత్తండి.